గోడ పగలగొట్టిన వడ్రంగి పిట్ట

అనగనగా ఒక అడవి. మన అడవి కాదర్రా, సముద్రం అవతలి అడవి. అక్కడ పొద్దున పట్టిన వాన సాయంత్రమైనా వదలదు. ఆ చెట్ల కింద మిట్టమధ్యాహ్నం కూడా చీకటిగానే ఉంటుంది. అలాంటి అడవి కూడా ఏటికేడూ పలచబడిపోతోందని వలసపక్షులు మన దేశానికి కబురు మోసుకొచ్చాయి. "చేతనైనవాళ్ళు వచ్చి కొన్నాళ్ళు సాయం చేసి పొండి" అన్నాయి.

ఆ కబురు మన చెక్కుడయ్య చెవిన పడింది. చెక్కుడయ్య అంటే ఎవరనుకున్నారు? వడ్రంగి పిట్ట. ఎర్రటి జుట్టు, ఉలిలాంటి ముక్కు. నల్లమల వైపు ఎండు చెట్లలో పురుగులు ఏరుకుని తింటూ బతికేవాడు. మంచివాడే పాపం. కాకపోతే రెండు జబ్బులున్నాయి. ఎవర్ని చూసినా అనుమానం. ఏం చేసినా నలుగురూ తన పేరు చెప్పుకోవాలని ఆశ.

"నేను వెళ్తున్నాను. ఆ అడవిని కాపాడేసి వస్తాను" అన్నాడు చుట్టాలందరితో.

"కాపాడటమంటే ఏం చేస్తావురా?" అని అడిగింది వాళ్ళక్క.

"వెళ్ళాక చూసుకుంటాలే!" అన్నాడు. అంతే, రేవులో ఉన్న ఓడ ఎక్కి, తెరచాప కొయ్య మీద కూర్చుని సముద్రం దాటేశాడు.

అక్కడ వచ్చినవాళ్ళకి పని చెప్పేది తాబేలు అవ్వ. ఆమె చెక్కుడయ్యని ఎగాదిగా చూసింది.

"నాయనా, ఏటి ఒడ్డున చెట్లకి పురుగు పట్టింది. నీ ముక్కుకి తగిన పని అదే. ఏరిపెట్టు. ఇంకొక్క మాట. ఇక్కడ నువ్వెరగని చెట్లుంటాయి, నువ్వెరగని గూళ్ళుంటాయి. దేన్నయినా ముట్టుకునే ముందు అడుగు. కొత్తవాళ్ళకి మా అడవిలో కట్టుబాటు అదొక్కటే."

చెక్కుడయ్య మొహం మాడిపోయింది. పురుగులు ఏరడానికా ఇంత దూరం వచ్చింది? ఆ పని ఇంటి దగ్గర చేస్తూనే ఉన్నాడు కదా! పైగా అనుమానం ఒకటి. 'ముట్టుకోవద్దంటోంది. ఏం దాస్తోందో ఈ ముసల్ది?'

ఒకరోజు అలా గొణుక్కుంటూ ఏటి ఒడ్డున చెట్టు చెక్కుతున్నాడు. గుమ్మని ఏదో సువాసన తగిలింది. తల తిప్పి చూస్తే పక్క కొమ్మ మీద పునుగుపిల్లి!

"ఎవరో పెద్దవాళ్ళు వచ్చినట్టున్నారే! ఏ దేశం తమ్ముడూ?" అంది పునుగుపిల్లి, తోక సర్దుకుంటూ.

పిల్లి జాతి అనగానే ఎగిరిపోవాల్సినవాడు చెక్కుడయ్య. ఎగరలేదు. ఎందుకంటారా? 'మా వైపు పునుగుని దేవుడి సేవకి వాడతారు. ఇంత మంచి వాసన వచ్చేది చెడ్డదెలా అవుతుంది?' అనుకున్నాడు. అందర్నీ అనుమానించేవాడికి అక్కడ మాత్రం అనుమానం రాలేదు. అదీ వరస!

అప్పుడే పైనుంచి రెక్కల చప్పుడు వినిపించింది. ఒక పెద్ద పక్షి వచ్చింది. నల్లటి ఒళ్ళు, పసుపు ముక్కు, ఆ ముక్కు మీద ఇంకో ముక్కు బోర్లించినట్టు కొమ్ము. దాన్ని ఆ అడవిలో కొమ్ముపిట్ట అంటారు. ఆ కొమ్ముపిట్ట ఎదుటి చెట్టు మీద వాలింది. ఆ చెట్టు బోదెకి మట్టి మెత్తి ఉంది. మధ్యలో సన్నటి చీలిక. కొమ్ముపిట్ట అటూ ఇటూ చూసి, నోట్లోని పండు ఆ చీలికలోకి తోసేసి ఎగిరిపోయింది.

"చూశావా తమ్ముడూ? రోజూ ఇదే వరస" అంది పునుగుపిల్లి మెల్లిగా.

'దొంగ! అడవి పళ్ళన్నీ తెచ్చి చెట్టులో దాచుకుంటున్నాడు. అందుకే అడవి పలచబడిపోతోంది!' అనుకున్నాడు చెక్కుడయ్య. కొమ్ముపిట్టని అడుగుదామా అని ఒక్క క్షణం అనిపించింది. 'దొంగని అడిగితే నిజం చెప్తాడా ఏమిటి?' అని ఊరుకున్నాడు.

మర్నాడు చెట్టుకి చెవి ఆనించాడు. లోపల ఏదో కదిలింది. సన్నగా, "వచ్చావా?" అని ఒక ఆడగొంతు వినిపించింది.

"లోపల ఎవరో ఉన్నారు!" అన్నాడు, పక్క కొమ్మ మీదున్న పునుగుపిల్లితో.

పునుగుపిల్లి నిట్టూర్చింది. "ఆయన పెళ్ళాం తమ్ముడూ. ఎన్నాళ్ళయిందో పాపం బయటికి వచ్చి. ఎగిరేదల్లా ఇప్పుడు ఇంత చీలికలోంచి ముక్కు చాపుతోంది."

చెక్కుడయ్యకి ఆ రోజు పురుగు సయించలేదు. తాబేలు అవ్వకి చెప్దామని బయలుదేరి, సగం దారిలో ఆగిపోయాడు. 'ఇంత పెద్ద సంగతి ఆవిడకి తెలియకుండా ఉంటుందా? తెలిసే దాచింది. అందుకే ఏదీ ముట్టుకోవద్దంది. అందరూ ఒకటే!' వెనక్కి వచ్చేశాడు.

మూడోరోజు ఆ చెట్టు మొదట్లో పొడవాటి నల్లటి ఈకలు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు, గుప్పెడు. రెక్క ఈకలు!

"అయ్యో, అయ్యో! ఈకలు కూడా పీకేశాడు దుర్మార్గుడు!" అని అరిచాడు చెక్కుడయ్య.

"ఎగిరిపోకుండా ఉండాలి కదా మరి" అంది పునుగుపిల్లి కళ్ళు తుడుచుకుంటూ. "నేనే విడిపించేదాన్ని తమ్ముడూ. కానీ ఆ మట్టి రాయిలా గట్టిపడిపోయింది. నా గోళ్ళకి లొంగదు. నీలాంటి ముక్కు ఉంటేనా! ఈ అడవంతా నీ పేరే చెప్పుకునేది."

ఏమర్రా, అప్పుడే నవ్వుతున్నారు? మీకు అర్థమైపోయింది. చెక్కుడయ్యకి అర్థం కాలేదే! 'నా పేరే చెప్పుకుంటారు' అన్న మాట చెవిలో పడ్డాక వాడికి ఇంకేం వినపడలేదు.

కొమ్ముపిట్ట పళ్ళ కోసం వెళ్ళగానే చెక్కుడయ్య బోదె మీద వాలాడు. టక్. టక్. టక్.

"ఎవరది? ఆగు!" అని లోపలి నుంచి గొంతు.

"భయపడకమ్మా! నిన్ను విడిపించడానికే వచ్చాను!"

"నన్నెవరూ బంధించలేదయ్యా! ఆపు! నీకు దణ్ణం పెడతాను, ఆపు!"

చెక్కుడయ్య ఒక్క క్షణం తటపటాయించాడు.

"భయంతో అలా అంటోంది పాపం. కొట్టు తమ్ముడూ, కొట్టు!" అంది పునుగుపిల్లి.

టక్ టక్ టక్ టక్! గోడ పెళ్ళలు పెళ్ళలుగా ఊడి కిందపడింది.

లోపల ఉన్నది ఆడ కొమ్ముపిట్ట. రెక్కలకి ఈకలు లేవు. ఆమె పొట్ట కింద కళ్ళు కూడా తెరవని కూన ఒకటి. పక్కనే, ఇంకా పగలని గుడ్డు ఒకటి.

"ఎంత పని చేశావయ్యా!" అంది ఆమె కూనని దగ్గరికి లాక్కుంటూ. "ఆ గోడ నేను కట్టుకున్నదే. ఆయన మట్టి తెచ్చాడు, నేను లోపలి నుంచి మెత్తాను. పిల్లలు పెరిగేదాకా మా ఆడవాళ్ళం ఇలాగే ఉంటాం. పాత ఈకలు రాల్చుకుని కొత్తవి మొలిపించుకుంటాం. ఆ గోడ లేకపోతే..."

ఆమె మాట పూర్తి కాలేదు. చెక్కుడయ్య భుజం మీదుగా గుమ్మని సువాసన వచ్చింది. పునుగుపిల్లి ఒక్క దూకు దూకి తొర్రలోకి తల పెట్టింది.

అమ్మ కూనని వెనక్కి తోసేసి ముక్కుతో పొడిచింది. ఎగరలేదు, పారిపోలేదు, పొడవడమే చేతనైంది. పునుగుపిల్లి గుడ్డుని నోట కరుచుకుంది. ఈలోగా కొమ్ముపిట్ట నోట్లో పండుతో తిరిగి వచ్చాడు. పండు వదిలేసి మీదపడ్డాడు. పునుగుపిల్లి పంజా విసిరితే ఆయన రెక్క చీరుకుపోయింది. చెక్కుడయ్యకి అప్పటికి గానీ ఒళ్ళు తెలియలేదు. ఉలిలాంటి ముక్కుతో పునుగుపిల్లి ముక్కు మీదే పొడిచాడు. పొడిచినచోటే మళ్ళీ పొడిచాడు. అది కుయ్యోమని గుడ్డునీ కొమ్మనీ వదిలేసి పరిగెత్తింది.

కూన బతికింది. గుడ్డు కింద వేరు మీద పడి పగిలిపోయింది.

వాన కురుస్తూనే ఉంది. చెక్కుడయ్యకి సిగ్గుతో తల పైకి లేవలేదు. చీరుకుపోయిన రెక్క ముడుచుకుంటూ కొమ్ముపిట్ట అన్నాడు: "ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాణ్ణి కదయ్యా."

చప్పుడు విని తాబేలు అవ్వ మెల్లిగా వచ్చింది. పగిలిన గుడ్డు చూసింది. తిట్టలేదు. "ఇలా కిందికి చూడు" అంది.

చెక్కుడయ్య చూశాడు. చెట్టు మొదలు చుట్టూ లేత మొక్కలు, బోలెడు.

"ఇవన్నీ వీళ్ళు తిని పారేసిన గింజలు. ఆయన ఎగిరినంత మేరా ఇలాగే మొలుస్తాయి. నువ్వు కాపాడ్డానికొచ్చిన అడవిని నాటేది ఈయనే నాయనా. నువ్వు దొంగనుకున్నావు."

చెక్కుడయ్య భోరుమని ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, చివరికి తొర్ర దగ్గరికి వెళ్ళాడు. ఆ అడవికి వచ్చాక మొదటిసారి ఒక ప్రశ్న అడిగాడు.

"అమ్మా, ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

ఆమె కూనని పొదువుకుని వాడి వంక చూసింది. నమ్మాలో వద్దో ఆమెకీ తెలియలేదు. చివరికి, "మట్టి తీసుకురా" అంది.

చెక్కుడయ్య ఏటి ఒడ్డుకి వెళ్ళాడు. ముక్కు నిండా మట్టి తెచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. ఎర్ర జుట్టంతా బురదైపోయింది. ఆమె లోపలి నుంచి మెత్తుతూనే ఉంది. చీకటి పడకముందే గోడ మూసుకుంది, సన్నటి చీలిక మిగిలింది.

కొమ్ముపిట్ట రెక్క మానేదాకా పళ్ళు తెచ్చే పని కూడా చెక్కుడయ్యే చేశాడు. ఆయన ముక్కుకి వచ్చే పండు వీడి ముక్కుకి రాదు. అందుకని చిన్నచిన్న పళ్ళే, రోజంతా తిరిగి తిరిగి మోశాడు. దారిలో జారిపడిన గింజలు జారిపడ్డాయి. వాటిలో కొన్ని మొలిచాయి కూడా. ఆ సంగతి వాడు ఎవరికీ చెప్పుకోలేదు.

ఒకరోజు చీలికలోకి పండు అందిస్తుంటే వెనక నుంచి గొంతు వినిపించింది. మన దేశం నుంచి సాయానికని కొత్తగా వచ్చిన గోరింక. రెక్కలు బిగించుకుని అనుమానంగా చూస్తోంది.

"ఏంటయ్యా అక్కడ చేస్తున్నావు? లోపల ఎవర్ని బంధించావు?" అని గద్దించింది.

చెక్కుడయ్యకి కోపం రాలేదు. కళ్ళు మాత్రం చెమ్మగిల్లాయి.

"అడిగావు చూడు, అది చాలు తల్లీ. నేను అడగలేదు" అన్నాడు. జరిగి, కొమ్మ మీద దానికి చోటిచ్చాడు. "రా, కూర్చో. చెప్తాను."

నీతి: సాయం చేయాలనుకుంటే ముందు ఎవరికి చేయాలనుకున్నామో వాళ్ళనే అడగాలి, అడగకుండా అనుమానంతో చేసిన మేలు కీడు కంటే ఎక్కువ నష్టం చేస్తుంది.