ఏటికి ముఖం తిప్పిన మేడ

వెనకటికి ఒక ఏటి ఒడ్డున కుప్పన్న శెట్టి అనే వజ్రాల వ్యాపారి గొప్ప మేడ కట్టించాడు. సింహద్వారం, చెక్కుడు స్తంభాలు, నెమళ్లు చెక్కిన కిటికీలు అన్నీ ఏటి వైపే పెట్టించాడు. వీధి వైపు పశువుల కొట్టం, పెద్ద మట్టిగోడ మిగిలాయి.

మేడ ముందున్న రేవులోనే పోలమ్మ పడవ నడిపేది. సంతకు పోయే జనం గోల చేస్తున్నారని శెట్టి విసుక్కున్నాడు.

"ఇకమీదట నీ పడవ నా మేడ ముందు కనిపించకూడదు," అన్నాడు.

పోలమ్మ పడవను ఏటి మలుపు అవతలికి తీసుకుపోయింది. జనం ముళ్లదారిన చుట్టు తిరిగి వెళ్లాల్సి వచ్చింది.

కొన్నాళ్లకు శెట్టికి ఏదో వెలితిగా అనిపించింది. ఊళ్లో ఎవరూ మేడ ఊసే ఎత్తడం లేదు. చూడవచ్చిన వియ్యంకుడు సైతం వీధిలో నిలబడి, "కొట్టం బాగుంది బావగారూ, ఇల్లెక్కడ?" అని అడిగాడు.

శెట్టి పోలమ్మను పిలిపించాడు. "నా మేడ గురించి జనానికి చెడ్డగా చెబుతున్నావా?"

"లేదయ్యా. మేడ ముఖం ఏటికి తిప్పి కట్టించారు. ఏట్లో తిరిగేది నా పడవలో జనం, చేపలు. జనాన్ని తమరే పొమ్మన్నారు. చేపల కోసం కట్టించుకున్నారేమో అనుకున్నాను."

మర్నాడు పడవ పాత రేవుకు వచ్చింది. జనాన్ని కాసేపు అక్కడ ఆగి చూడనివ్వమని శెట్టి కోరాడు.

"ఎండలో ఎవరు ఆగుతారయ్యా?" అంది పోలమ్మ.

ఆ వారమే రేవులో చలువపందిరి లేచింది.