పెంచలయ్య పికప్పు, పన్నెండు మూటల నిమ్మకాయలు

చెర్లోపల్లెలో పెంచలయ్య ఇంట్లో ముగ్గురే ముగ్గురు. పెంచలయ్య, అతని భార్య మస్తానమ్మ, తమ్ముడు చెంగయ్య. తెలివి మాత్రం ఊరందరికీ పంచినా మిగిలేటంత ఉందని వాళ్ల నమ్మకం. సోమవారం చెట్లకి నీళ్లు పెట్టమని వ్యవసాయాఫీసరు చెప్పాడని, కుండపోత వానలో గొడుగు పట్టుకుని మరీ నీళ్లు పెట్టిన ఘనుడు పెంచలయ్య. పైగా పక్క తోటవాళ్లకి బుద్ధులు చెప్పేవాడు.

ఆ ఇంటికి ఉన్నదల్లా ఒక నిమ్మతోట. కిందటేడు బాడుగ బండి వస్తానని రాలేదు. కోసిన కాయంతా తోటలోనే మెత్తబడిపోయింది. మస్తానమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదు. "ఈ ఏడు కాయ మార్కెట్టుకి చేరకపోతే నేను మళ్లీ తోటలో కాలు పెట్టను" అని తేల్చి చెప్పేసింది. పెంచలయ్యకి భార్యంటే ప్రాణం. అంతే, సొంత బండి కొనాల్సిందే అనుకున్నాడు.

చిన్న ఆటో ట్రాలీ అయితే సరిపోయేది. తెలివిగలవాడు చిన్నది కొంటాడా? ముందు కారులాగా మెత్తటి సీట్లు, వెనక లారీలాగా తొట్టి, కొండనైనా లాగే ఇంజను ఉన్న పేద్ద పికప్పు మీద కన్నేశాడు. షోరూమువాడు గొప్పలు చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు అమ్మేవోడివి. కొనుక్కున్నోళ్లని అడిగొస్తా ఉండు" అన్నాడు. అక్కడి వరకూ బాగానే ఉంది. విన్నదాన్ని విన్నట్టు చేయడం దగ్గరే వచ్చింది చిక్కంతా.

మొదట రైసుమిల్లు కోటారెడ్డి దగ్గరికి పోయాడు. "బలమైన బండయ్యా. తొట్టిలో బరువు లేకపోతే వెనక ఎగిరెగిరి పడద్ది. ఇసక మూటలు వేసుకో" అన్నాడాయన. తర్వాత రొయ్యల గుంటల సుధాకరు దగ్గరికి పోయాడు. "ఎత్తు ఎక్కువ, ముందేముందో కనపడదు. ఎవరన్నా దిగి, ముందు నడిచి, రమ్మంటేనే రావాల" అన్నాడు. చివరికి గుడి దగ్గర కొత్త పికప్పుకి పూజ చేయిస్తున్న కాంట్రాక్టరు దొరికాడు. "ఇంత బండికి దిష్టి కూడా ఎక్కువేనబ్బా. నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టకుండా కదిలించవాకు" అన్నాడు.

బండి వచ్చింది. కాయ కోశారు. చిన్న మూటలు పన్నెండు అయ్యాయి. పొద్దున పది గంటలకి మార్కెట్లో వేలం. ఊరికి మార్కెట్టు ఐదు మైళ్లు. పెంచలయ్య తెల్లారకముందే తొట్టి నిండా ఇసక మూటలు వేయించాడు. ఇక నిమ్మకాయలకి చోటేదీ? ఇంకేముంది, కాయల మూటల్ని లోపల మెత్తటి సీట్ల మీద కూర్చోబెట్టి, బెల్టులు కట్టి, చల్లగా ఏసీ వేశారు. మస్తానమ్మ వెనక ఇసక మీద కూర్చుంది.

చెంగయ్య దిగి ముందు నడిచాడు. పది అడుగులు వేసి, దారంతా కళ్లు చికిలించి చూసి, "రా అన్నా" అన్నాడు. మస్తానమ్మ దిగి నాలుగు కాయలు పెట్టింది. చిట్, చిట్, చిట్, చిట్. బండి పది అడుగులు కదిలి ఆగింది. చెంగయ్య మళ్లీ పది అడుగులు నడిచాడు. మస్తానమ్మ మళ్లీ దిగింది. మళ్లీ చిట్, చిట్, చిట్, చిట్.

కొండనైనా లాగే ఆ బండిని ఎద్దులబండి దాటిపోయింది. గొర్రెల మంద దాటిపోయింది. మోపెడ్ మీద పోతున్న ఒకాయన చూడలేక ఆగాడు. "ఇదేందయ్యా, కాయలన్నీ తొక్కించేస్తుండావు?"

"నీకు పికప్పు ఉందా?" అని అడిగాడు పెంచలయ్య.

"లేదు."

"మరి ఉన్నోళ్ల మాట వినాల్నా, లేనోడి మాట వినాల్నా?"

ఆయన దండం పెట్టి వెళ్లిపోయాడు. పెంచలయ్య మీసం దువ్వుకున్నాడు.

మూడు మైళ్లయ్యాక మస్తానమ్మ అద్దం దగ్గరికి వచ్చింది. "ఏమయ్యా, మూటలు తగ్గిపోతుండాయి."

పెంచలయ్య గుండె ఝల్లుమంది. తగ్గితే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే బండి ఎగురుతుంది. అంతే, వాగు పక్కన ఆపి, ఖాళీ అయిన సంచుల నిండా ఇసక పోయించి, మళ్లీ సీట్ల మీద కూర్చోబెట్టి బెల్టులు కట్టించాడు. అప్పుడు గాని అతని మనసు కుదుటపడలేదు.

పది గంటల వేలానికి సాయంత్రం నాలుగింటికి చేరారు. ఆఖరి నాలుగు కాయలూ గేటు దాటాక లోపల నలిగాయి. మస్తానమ్మ కళ్లు తుడుచుకుని, "పోనీలే, ఈ ఏడు మన కాయ మార్కెట్టుకి చేరింది" అంది. ఆ మాట వినగానే పెంచలయ్యకి పడ్డ శ్రమంతా తీరిపోయింది.

కాయల వ్యాపారి నారపరెడ్డి వచ్చి బండిలోకి తొంగి చూశాడు. "అంతా ఇసకే గదయ్యా. బండి తీసెయ్, దారికి అడ్డం."

"యాడ తియ్యను? చక్రాల కింద పెట్టేదానికి కాయల్లేవు. ఇంటికి చేరేదానికి పన్నెండు మూటలు కావాల. నువ్వే ఇయ్యాల."

నారపరెడ్డి ముగ్గురి మొహాలూ చూశాడు. నవ్వు బిగబట్టుకున్నాడు. "బండి నాకిచ్చి నడిచిపోండి. నడిచేదానికి నేనిచ్చే రెండు మూటల కాయలు చాలవా?"

పెంచలయ్య వేళ్లు మడిచి లెక్కేశాడు. పన్నెండు కావలసిన చోట రెండే. "మే, పది మూటలు మిగిలినాయి" అన్నాడు భార్యతో గర్వంగా. ఎక్కడ మనసు మార్చుకుంటాడో అని గబగబా తాళాలు, కాగితాలు ఆయన చేతిలో పెట్టేశాడు. నారపరెడ్డి నిమ్మకాయలు పెట్టకుండానే బండిని రయ్యిమని తోలుకుపోయాడు. పెంచలయ్య నిజంగా జాలిపడ్డాడు. "పాపం, ఎవర్నీ అడక్కుండా కొన్నట్టుండాడు."

మొగుడూ పెళ్లాం చెరో మూటా నెత్తికెత్తుకున్నారు. చెంగయ్య ముందు పది అడుగులు నడిచి, దారి చూసి, "రా అన్నా" అన్నాడు. పెంచలయ్య కదలబోతే మస్తానమ్మ రెక్క పట్టుకుని ఆపింది.

"ఉండయ్యా. మనిద్దరికీ కలిపి కాళ్లు నాలుగు గదా."

అవునే అనుకుని పెంచలయ్య మూట దించాడు. నాలుగు కాయలు తీసి, నాలుగు కాళ్ల ముందూ పెట్టి, భార్య చెయ్యి పట్టుకుని తొక్కాడు. పది అడుగులు వేశాక చెంగయ్య దగ్గర ఆగి, ఇంకో నాలుగు తీశాడు.