కండువా కింద బేరం

ఏ కాలంలోనో, ఏ దిక్కునో కొండసీమ అని ఒక రాజ్యం ఉండేదట. దాన్ని ఏలిన ఉద్దండవర్మ పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పొరుగున సముద్రపు ఒడ్డు రాజ్యం తీరసీమ. దాన్ని ఏలిన దుర్జయదేవుడు పట్టిన కుందేలుకైతే రెండే కాళ్ళు.

కొండసీమ నుంచి బియ్యం దిగేది, తీరసీమ నుంచి ఉప్పు ఎక్కేది. నడుమనున్న వాగు దాటే ప్రతి నూరు బస్తాలకూ ఇద్దరు రాజులూ పదేసి బస్తాలు సుంకం పట్టేవారు. తగ్గించమని వర్తకులు మొరపెట్టుకుంటే, "ముందు అవతలివాణ్ణి తగ్గించమనండి" అన్నాడు ఉద్దండవర్మ. అవతలివాడూ సరిగ్గా అదే మాట అన్నాడు. చివరికి నిండు సభల్లో, "నా నోట పదికి తక్కువ మాట వస్తే మీసం తీయించుకుంటా" అని ఇద్దరూ ఒట్లు పెట్టుకుని, పంతానికి వాగు దారే మూసేశారు.

ఆబోతులు కుమ్ముకుంటే లేగల కాళ్ళు విరుగుతాయంటారు. మూడు నెలలు గడిచాయి. కొండసీమలో మామిడికాయ కోతకొచ్చింది గానీ, ఊరగాయ పెడదామంటే ఏ ఇంట్లోనూ పిడికెడు ఉప్పు లేదు. అవతలి గట్టున కొండలకొద్దీ ఉప్పు పోసి ఉంది, తినడానికి మెతుకు లేదు.

కొండసీమ రాజుగారు ఊరుకోలేదు లెండి. వాణిజ్య సలహాకని పన్నెండుమందితో ఒక సభ వేశారు. అందులో వ్యాకరణ పండితుడున్నాడు, జ్యోతిష్కుడున్నాడు, గజదళపతి ఉన్నాడు, రాణిగారి మేనమామ ఉన్నాడు. జన్మలో తట్టెడు కంద అమ్మినవాడు మాత్రం ఒక్కడూ లేడు. వాళ్ళు వాగు దగ్గరికి వెళ్ళి తమ ప్రభువు బిరుదులు ఒక జాము సేపు చదివారు. అవతలివాళ్ళు తమ ప్రభువు బిరుదులు రెండు జాములు చదివారు. ఆ అవమానానికి ఉద్దండవర్మ సైన్యాన్ని వాగు గట్టుకు నడిపించాడు. మర్నాటికి అవతలి గట్టునా సైన్యం దిగింది.

రాజు వెంట వచ్చినవాళ్ళలో ఆస్థాన విద్వాంసుడు సింగభట్టు కూడా ఉన్నాడు. మనసులో మాట నాలుక మీద ఆపుకోలేకపోవడం అతని జబ్బు. గుడారంలో యుద్ధానికి ముహూర్తం పెడుతుంటే ఉండబట్టలేక అన్నాడు.

"మహాప్రభూ, ఏనుగు సంగతి మావటివాణ్ణి అడుగుతాం. వర్తకం సంగతి ఒక్కసారైనా వర్తకుణ్ణి అడగొద్దా?"

రాజు మీసం దువ్వాడు.

"సరే భట్టూ, నీ వర్తకుణ్ణి తీసుకురా. రేపు పొద్దు గుంకేలోగా వాడు బేరం తెగ్గొట్టాలి. లేదా, యుద్ధభేరి మోగకముందే మీ ఇద్దరి తలలూ తెగుతాయి. ఇంకోమాట, నా ఒట్టు ఒట్టే. నా నోట పదికి తక్కువ రాదు."

సింగభట్టు బయటికి వచ్చి, 'ఎందుకన్నానురా దేవుడా' అనుకున్నాడు. అప్పుడు, ఏనాడో గేదెను కొనడానికి వెళ్ళిన సంత గుర్తొచ్చింది. అక్కడ బేరగాళ్ళు నోరు మెదపరు. చేతుల మీద కండువా కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చుట్టూ వందమంది మూగినా ఎవరెంత అన్నారో, ఎవరెంత తగ్గారో మూడో కంటికి తెలియదు. ఆ రోజు తన గేదె బేరం కుదిర్చినవాడు నాగన్న. ముప్పై ఏళ్ళుగా రెండు గట్ల మీదా ఎద్దులు తోలిన బిడారు నాయకుడు.

కబురు విని నాగన్న తల పట్టుకున్నాడు. "ఎంత పని చేశావు అయ్యవారూ! నాకు నలుగురు పిల్లలు."

"నాకు ఆరుగురు. పద."

మర్నాడు రాజు గుడారంలో నాగన్న కండువా దులిపి, ఒక్కో వేలు ఒక్కో బస్తా అని చెప్పి చెయ్యి చాపాడు. ఉద్దండవర్మ కళ్ళు ఎర్రబడ్డాయి. "ఎద్దులు తోలేవాడి చేతిలో నా చెయ్యి పెట్టాలా?"

"నాడి చూడమని వైద్యుడికి ఇస్తారు కదా, మహాప్రభూ. ఇదీ నాడే. మూడు నెలలుగా రాజ్యానికి జ్వరం" అన్నాడు సింగభట్టు. "ఏలినవారు ఒట్టు పెట్టింది నోటి మీద. ఇక్కడ నోటితో పనే లేదు."

రాజు చాలాసేపు కండువా వంక చూశాడు. తరువాత కుడిచెయ్యి దాని కిందికి పోనిచ్చాడు.

నాగన్న మోకాలి లోతు నీళ్ళలో వాగు దాటి అవతలి గుడారానికి వెళ్ళాడు. వచ్చాడు. మళ్ళీ కండువా, మళ్ళీ వాగు. మధ్యాహ్నమైంది. అతని మొహంలో మంచి గానీ చెడ్డ గానీ కనిపిస్తే ఒట్టు. సింగభట్టు ఆ మొహం చూసి చూసి అలిసిపోయి, రాజు మొహం చూడడం మొదలుపెట్టాడు. అక్కడ నుదుట చెమట తప్ప ఏమీ లేదు.

పొద్దు వాలింది. భేరి వాయించేవాళ్ళు తోలు బిగిస్తున్నారు. గుడారం వెనక తలారి కత్తి నూరుతున్న చప్పుడు సింగభట్టుకు వీపు మీద గీసినట్టు వినిపిస్తోంది. ఆరుగురు పిల్లల పేర్లూ వరసగా తలచుకున్నాడు. ఆఖరివాడి పేరు ఎంతకూ గుర్తుకు రాలేదు.

సూర్యుడు చెట్ల చివర్లకు దిగాడు. నాగన్న ఆరోసారి అవతలి గుడారంలోంచి బయటికి వచ్చాడు. వాగు నడిమధ్య ఆగి, కండువా భుజాన వేసుకుని కేకపెట్టాడు.

"నూటికి నాలుగు! ఇద్దరు దొరలూ ఒకే ఘడియలో దయతలిచారు!"

రెండు గట్లూ హోరెత్తిపోయాయి. యుద్ధానికి వచ్చినవాళ్ళు ఈటెలు పారేసి ఎగిరారు. సింగభట్టు ఉన్నచోటే కూలబడి ఏడ్చేశాడు.

కథ ఇక్కడ అయిపోవాలి. కానీ ఉద్దండవర్మను కొత్త పురుగు తొలిచింది. ఇద్దర్నీ గుడారంలోకి పిలిపించి, తెరలు దింపించి, ఒరలోంచి కత్తి దూశాడు.

"నాగన్నా, నిజం చెప్పు. దుర్జయుడు మొదట ఎన్ని వేళ్ళు పట్టుకున్నాడు? ముందు తగ్గింది వాడేనా?"

నాగన్న చేతులు జోడించాడు. "కండువా కింది మాట కండువా కిందే దొరా. మా బిడారు కట్టుబాటది."

"నీ రాజు అడుగుతున్నాడు!" కత్తి మొన నాగన్న గొంతుకు ఆనింది. నాగన్న కళ్ళు మూసుకున్నాడు గానీ నోరు విప్పలేదు.

సింగభట్టు పై ప్రాణాలు పైనే పోయాయి. వాణ్ణి ఇందులోకి లాగింది తాను. అయినా నాలుక జబ్బు ఊరుకుంటుందా?

"చెప్పరా నాగన్నా, చెప్పు!" అని గదిమాడు. "ప్రభువులు అడిగితే చెప్పాలి. అవతలి ప్రభువు మాట ఇక్కడ చెప్పేసి, వెంటనే వాగు దాటి, మన ప్రభువు మొదట ఎన్ని వేళ్ళు పట్టుకున్నారో అక్కడా చెప్పిరా. న్యాయం ఇద్దరికీ ఒకటే కదా!"

కత్తి మొన వెనక్కి జరిగింది. రాజు ఒకసారి సింగభట్టును చూశాడు, ఒకసారి నాగన్నను చూశాడు. ఆ తరువాత మెల్లగా కత్తి ఒరలో పెట్టి, ఎవరో చూస్తున్నట్టు కుడిచేతిని ఉత్తరీయం కింద దాచుకున్నాడు.

తన చేతిని తానే దాచుకుంటున్నానని తెలిసేసరికి రాజుకు నవ్వు ఆగలేదు. కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వి, నాగన్నను రాజ్యానికి వాణిజ్య సలహాదారుగా నియమించాడు. సింగభట్టుకు తన చేతి బంగారు కడియం తీసి తొడిగాడు. పన్నెండుమంది సభ్యులకూ ఆ కొలువు నుంచి శాశ్వతంగా విశ్రాంతి ఇచ్చాడు.

"అవునుగానీ నాగన్నా, నా కత్తికి నీకు భయం వెయ్యలేదా?" అని అడిగాడు.

"వేసింది దొరా. కానీ ఇందాక అవతలి గుడారంలో ఇదే ప్రశ్నకు నా గొంతు మీద పెట్టిన కత్తి, దీనికంటే జానెడు పొడుగు."

రాజు మళ్ళీ విరగబడి నవ్వాడు. నవ్వుతూనే చప్పున ఆగి, నాగన్న చెవి దగ్గరికి వంగాడు.

"ఆ కత్తి పొడుగు సంగతి కూడా, కండువా కిందే ఉండనీ."