మూడేళ్లుగా పూయని దేవగన్నేరు

ఓబులేసు మాస్టారికి మూడేళ్లుగా ఒకటే దిగులు. భార్య సిద్ధమ్మ పోయినప్పటి నుంచీ ఆమె పెరట్లో పెట్టుకున్న దేవగన్నేరు ఒక్క పువ్వు కూడా పూయలేదు.

అంతకుముందు ఉగాది వచ్చిందంటే పెరడంతా పూలే. రాలిన పూలు చూసి ఒకనాడు ఆయన విసుక్కున్నాడు. "దీన్ని నరికి పారేస్తా చూడు!" సిద్ధమ్మ చీపురు తీసుకుని తనే ఊడ్చుకుంది. వారం తిరక్కుండానే జ్వరమొచ్చి కన్నుమూసింది.

ఆ మాట ఆయన గొంతులో ముల్లులా ఉండిపోయింది.

కొండకింద దర్గాలో ఉండే దస్తగిరి సామి ఆయనకు గురువు. ఒక శుక్రవారం ఆయన కాళ్ల దగ్గర కూర్చుని మాస్టారు మనసులోది బయటపెట్టాడు.

"సామీ, ఆమె కోపంతో పోయింది. చెట్టు చేత చెప్పిస్తా ఉంది. ఏం చదివితే శాంతిస్తుందో చెప్పండి."

"చెట్టును బాగా చూసుకుంటాండావా?"

"కన్నబిడ్డ మాదిరి సామీ! ఆమె ఉన్నన్నాళ్లూ నన్ను చెయ్యి వెయ్యనీలేదు. ఇప్పుడు నీళ్లు, ఎరువు, అన్నీ నేనే."

సామి తల ఊపాడు గానీ ఏ మంత్రమూ చెప్పలేదు.

శివరాత్రికి నాలుగు రోజుల ముందు ఆయనే మాస్టారింటికి వచ్చాడు. పెరట్లో మాస్టారు స్టూలెక్కి, ఆకులన్నీ రాలిన దేవగన్నేరు కొమ్మల్ని కత్తెరతో సమానంగా కత్తిరిస్తున్నాడు. ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టరుగా చేసిన మనిషి. వరసలో ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ ఉంటే ఆయనకు అన్నం సయించదు.

"ఏటా పండగ ముందర ఇట్లా శుభ్రం చేస్తాను సామీ," అన్నాడు కాస్త గొప్పగా.

సామి కిందపడిన కొమ్మ కొసను ఒకదాన్ని తీసుకున్నాడు. బొటనవేలి గోటితో చీల్చాడు. పాలు కారాయి. భుజం మీది తువ్వాలుతో తుడిచి, దాన్ని మాస్టారి అరచేతిలో పెట్టాడు.

మాస్టారు కళ్లజోడు సవరించుకుని చూశాడు. లోపల, నువ్వుగింజలంత మొగ్గలు, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉన్నాయి.

ఆయన కింద పడున్న కొసలన్నిటి వైపూ చూశాడు.

"మూడేండ్లూ..." అన్నాడు చివరికి.

"మూడేండ్లూ మొగ్గ వేసింది."

మాస్టారికి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడుపొచ్చింది. గుండెల మీది బండ ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. చొక్కా భుజానికి ముఖం తుడుచుకుని, చిన్నపిల్లాడిలా అడిగాడు.

"అయితే ఆమెకు నా మీద కోపం లేదా సామీ?"

సామి చెట్టు వైపు చూశాడు. గోడ పక్కన ఇంకా కత్తెర పడని కొమ్మలు నాలుగున్నాయి.

"ఆ నాలుగూ మిగిలినాయి గదా," అన్నాడు. "ఇంక దిగు నాయనా."