సువార్తమ్మ కాపలా

వేమలపాలెం చర్చిలో స్త్రీల సమాజానికి పెద్దగా ఉన్న సువార్తమ్మకు ఎవరి భక్తిని చూసినా అనుమానమే. ఎవరైనా ప్రార్థనలో కళ్లు మూసుకుంటే కునుకు తీస్తున్నారనుకునేది. ఎవరైనా కన్నీళ్లు పెట్టుకుంటే, మొగుడితో గొడవపడి వచ్చి ఇక్కడ ఏడుస్తోందనుకునేది. "మెలకువగా ఉండాలమ్మా" అన్నది ఆమె ఊతపదం. ఉండేది కూడా, కాకపోతే ఎప్పుడూ అవతలివాళ్ల మీదే.

గుడ్‌ఫ్రైడేకి ముందు వచ్చే శ్రమల కాలం నలభై రోజుల్లో ప్రతి శుక్రవారం ఆడవాళ్లంతా చర్చిలో ఉపవాసం ఉండేవారు. మధ్యాహ్నం మూడింటి దాకా మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదు. అలా తప్పకుండా ఉన్నవాళ్లలో ఏడుగురికి గుడ్‌ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల గురించి తలా ఒకదాని మీద మాట్లాడే అవకాశం దక్కేది. పద్దెనిమిదేళ్లుగా అందులో సువార్తమ్మ పేరు ఉండాల్సిందే. ఈసారి కొత్తగా తబిత పేరు చేరింది. ఆ ఊరికి కోడలిగా వచ్చి రెండేళ్లయినా నలుగురిలో నోరెత్తి ఎరగని పిల్ల. నెల రోజులుగా అంట్లు తోముతూ, బట్టలుతుకుతూ తన మాటలు అప్పజెప్పుకుంటోంది.

సువార్తమ్మకు అది మింగుడు పడలేదు.

"చంటిపిల్ల తల్లి, ఆకలికి ఆగుతుందా? ఎక్కడో చాటుగా తింటూనే ఉంటుంది" అంది పాస్టరమ్మగారితో.

"ఆ పిల్ల అలాంటిది కాదులెండి" అంది ఆవిడ.

గుడ్‌ఫ్రైడేకి ముందు శుక్రవారం పన్నెండింటికి తబిత ఒక డబ్బా తీసుకుని మెల్లగా బయటికి వెళ్లింది. సువార్తమ్మ కళ్లు మెరిశాయి. వెనకే వెళ్లి చర్చి పక్కనున్న వంటపాకలో నక్కింది. ఉపవాసం విడిచాక పంచడానికి ఎవరో తెచ్చిన వేయించిన వేరుశెనక్కాయల బుట్ట పక్కనే కూర్చుని, తడిక సందులోంచి చూసింది. పిట్టగోడ మీద డబ్బా, గోడ అవతల తబిత తల, భుజాలు మాత్రమే కనిపిస్తున్నాయి. చెయ్యి డబ్బాలోకి వెళ్లింది. నోరు తెరుచుకుంది, మూసుకుంది. దవడలు ఆడాయి. మళ్లీ చెయ్యి, మళ్లీ నోరు!

"ఓసి దొంగదానా! పైకి ఎంత అమాయకత్వమే!" అనుకుంది సువార్తమ్మ. తబిత డబ్బాకు మూత పెట్టేదాకా రెప్ప వెయ్యలేదు. ఆ తర్వాత చర్చి గుమ్మంలోకి పరుగెత్తి, "అందరూ రండి! మీ తబిత ఉపవాసం చూద్దురుగాని!" అని కేకేసింది.

ఆడవాళ్లంతా గోడ అవతలికి వెళ్లారు. తబిత ఒళ్లో, గోడ పక్క చెట్టు ఉయ్యాల్లోంచి తీసుకున్న ఏడాది పిల్ల, మూతినిండా పప్పన్నం పూసుకుని కూర్చుని ఉంది.

"నేను 'ఆమ్' అని నోరు తెరిచి, నమిలినట్టు చేస్తేనే గానీ ఇది ముద్ద తీసుకోదు పెద్దమ్మా" అంది తబిత బిక్కచచ్చిపోయి.

అందరూ ఫక్కున నవ్వారు. ఒక్క పాస్టరమ్మగారే నవ్వలేదు. ఆవిడ సువార్తమ్మ వంకే చూస్తోంది.

"సువార్తమ్మగారూ, మీ పెదవి మీద అదేమిటి?"

సువార్తమ్మ తడుముకుంది. వేరుశెనగ పొట్టు! కిందికి చూసుకుంటే కొంగు మడతల్లో తొక్కలు. గుప్పిట్లో ఇంకా రెండు కాయలు. ఎప్పుడు ఒలిచిందో, ఎప్పుడు నమిలిందో ఆమెకే తెలియదు.

"చూసుకోకుండా తిన్నారు. అది తప్పు కిందికి రాదులెండి పెద్దమ్మా" అంది తబిత.

ఆ మాటకు సువార్తమ్మ గుప్పిట్లోని కాయలు గోడ మీద పెట్టేసింది.

"నువ్వే అలా తిని ఉంటే నేను వదిలేదాన్ని కాదమ్మా. నా పేరు కొట్టెయ్యండి పాస్టరమ్మగారూ" అంది.

గుడ్‌ఫ్రైడే నాడు తబిత ముందు తడబడింది, తర్వాత కుదురుకుని చక్కగా మాట్లాడింది. సువార్తమ్మ చివరి వరసలో కూర్చుని, ఆమె పిల్లను ఒళ్లో పెట్టుకుని, మొదటిసారి ఎవరినీ తప్పుపట్టకుండా వింది.

నీతి: మెలకువగా ఉండమన్నది ఇతరుల మీద నిఘా వెయ్యడానికి కాదు. విశ్వాసి ముందుగా కాపలా కాయవలసింది తన మనసుకూ, తన నోటికీ, తన చేతికీ.