నీళ్లు ఎన్ని కూతల దూరం

ఆ కొండవాలు అడవిలో తెల్లారేసరికి పొగమంచు దిగేది. అందులో చెట్లు నిద్రలో నడుస్తున్నట్టు కనిపించేవి. వేసవి వచ్చిందంటే జంతువులు ఆ మంచులోనే నీళ్ల కబురు చెప్పుకునేవి. పక్కవాళ్లని "మీ దగ్గర్నుంచి నీళ్లు ఎన్ని కూతల దూరం?" అని అడగడం, ఎవరు తక్కువ చెబితే దానికి ఒక కూత కలుపుకుని ఇంకొకరికి చెప్పడం వాళ్ల ఆనవాయితీ. కూత అంటే కేక వేస్తే వినబడేంత దూరం.

ముసలి తాబేలు సూరమ్మకి ఈమధ్య మతిమరుపు భయం పట్టుకుంది. పొద్దున తిన్న ఆకేమిటో సాయంత్రానికి గుర్తుండటం లేదు. పైగా ఆమె మడుగు ఎండిపోయింది. ఒంట్లో ఒక్క నడకకే ఓపిక మిగిలింది. దారి తప్పితే ఇక అంతే.

"ఏమే కుందేలూ, నీళ్లెంత దూరం?"

"పంది మామ వైపు నుంచి మూడు కూతలు అవ్వా."

మర్నాడు అడిగితే ఐదు అంది. ఆ మర్నాడు ఏడు.

"నిన్న ఐదన్నావు కదే?"

"ఏమో అవ్వా. నువ్వే మర్చిపోయుంటావు."

సూరమ్మ తల డిప్పలోకి లాక్కుంది. కళ్లు మూసుకుంటే ఆ అంకెలు మిణుగురుల్లా తేలుతూ, పట్టుకోబోతే దూరం జరుగుతున్నాయి.

అప్పుడే మంచులోంచి నక్క వచ్చింది. "ఏడేమిటి పెద్దమ్మా? నా లోయ నుంచి ఒక్క కూతే. కుందేలును కూడా తోడు తెచ్చుకో."

"పోదాం అవ్వా," అంది కుందేలు, చెవులు నిక్కించి.

సూరమ్మ కదల్లేదు. మాట మరిచినా చెప్పిన నోటిని మరవకూడదని ఆమె పెట్టుకున్న నియమం. "ఉండవే. ఆ ఏడు నీకెవరు చెప్పారు?"

"పంది మామ ఆరన్నాడు."

"ఏమయ్యా పందీ, ఆ ఆరు నీకెవరు చెప్పారు?" అని సూరమ్మ మంచులోకి కేకేసింది.

"ఇంకెవరు, కుందేలే," అంది అవతలి నుంచి పంది. "నాకు రెండు కూతల దూరంలో ఉన్న చెలమ ఎండిపోయింది. కుందేలు మూడంటే, అటు ఇంకో దారి ఉందనుకున్నా."

"ఆ మూడు నువ్వు చెప్పిన రెండుకి ఒకటి కలిపిందే కదా మామా," అంది కుందేలు మెల్లగా. "జింక తొమ్మిదంటే, అంత దూరం ఎందుకులే అని వదిలేశాను."

సూరమ్మ తల బయటపెట్టి నవ్వింది. "ఒకరి మాటకి ఒకరు ఒకటి కలుపుకుంటూ పోయారు, అంతే. అయితే నేనేమీ మర్చిపోలేదన్నమాట. ఇక నుంచి దూరాలు చెప్పకండి. మీ ముందు ఏముందో, మీ పక్కన ఎవరున్నారో, కంటితో చూసింది చెప్పండి. ఆ మాటని చెప్పినవాళ్ల పేరుతో, ఏమీ కలపకుండా అందరికీ అందించండి. దారి ఎవరికి వాళ్లం కలుపుకుందాం."

పొద్దంతా మంచులో మాటలు తేలి వచ్చాయి. జింక పక్కన దుప్పి. దుప్పి పక్కన ఎలుగు. అలా పోగా పోగా కొంగ: నా కాళ్ల కింద నీళ్లు.

"నా పక్కనా నీళ్లే," అంది నక్క.

నక్క పొరుగున ఉండే ముంగిస మాట వెనకే వచ్చింది: "నా పక్కన నక్క బావ. ఆ లోయలో ఎముకలే గాని తడి లేదు."

"దానికి కళ్లు మందగించాయి," అంది నక్క.

"అయితే ఆ నీళ్లు నువ్వే తాగు నాయనా," అని సూరమ్మ బయలుదేరింది. జింక, దుప్పి, ఎలుగు... పేర్లు జపంలా చెప్పుకుంటూ నడిచింది. కుందేలు ముందుకి ఉరికి, వెనక్కి వచ్చి, మళ్లీ ఉరికింది. చివరికి చల్లటి బురద ఆమె పాదాలకి తగిలింది.

కొన్నాళ్లకి, ఆ రోజు ఆ పేర్లేవీ చెవిన పెట్టని నక్క నాలుక పిడచకట్టి పంపిన కబురు నోటి నుంచి నోటికి దాటి వచ్చింది: "పెద్దమ్మా, దారి చెప్పవూ?"

"నా పేరు సూరమ్మ. నా కాళ్ల కింద నీళ్లున్నాయి. నేను చూసింది ఇంతే," అని ఆమె బదులు పంపింది. "మిగతాది నీ పక్కవాళ్లని అడుగు."

నక్కకి పక్కనున్నది ముంగిస ఒక్కటే.

"నాకు కళ్లు మందగించాయి కదా బావా," అంది ముంగిస.

దగ్గరని చెప్పిన మాట కన్నా, ఎవరు చూశారో చెప్పిన మాటే దారి చూపుతుంది.