ఐసుపెట్టెలో దాచిన వారం రోజులు

“వారం రోజులు నిశ్చింతగా మాట్లాడుకోండి. మీ ఊరు మీ చెవి పక్కనే ఉంటుంది.”

ఖాట్మండులో సిమ్ కార్డు అమ్మినతను ఇచ్చిన మాట ఇది. పుచ్చుకున్నవాళ్ళు ముగ్గురు. పశుపతినాథుడి దర్శనానికి బొబ్బిలి నుంచి వచ్చిన పైడితల్లి, ఆమె మొగుడు సూరప్పడు, తమ్ముడు నూకరాజు. తమ ఇంట్లో ఉన్న తెలివి తాలూకా అంతా గాలించినా దొరకదని ముగ్గురికీ గట్టి నమ్మకం. అందులో నూకరాజు గ్రంథాలయంలో పుస్తకాలన్నీ చదివేసినవాడు. టీ చల్లారి వచ్చినా “హక్కులు అడుక్కునేవి కావు, సాధించుకునేవి” అంటాడు.

ఊళ్ళో అన్నయ్య కూతురికి బారసాల. మేనత్త పైడితల్లి ఫోన్లోంచి బిడ్డ చెవిలో పేరు చెప్పాలి. ఆ పేరు ఆమె కడుపులో దాచుకుంది, మొగుడికి కూడా చెప్పలేదు. ఆమె నోరు విప్పేదాకా ఉయ్యాల ఊపేది లేదు. చిక్కల్లా ఒకటే, బారసాల ఆ వారం దాటాక వస్తుంది.

దానికి నూకరాజు ఉపాయం ఆలోచించాడు. దీపం ఆర్పేస్తే నూనె తరుగుతుందా? సిమ్ తీసేస్తే రోజులెలా తరుగుతాయి? దర్శనాలకీ నిద్రలకీ వాటిని తగలెయ్యడం దేనికి? అంతే, వేసిన సిమ్ము వేసినట్టే ఊడదీసి పసుపుగుడ్డలో మూటగట్టారు.

మర్నాడు సూరప్పడికి ఇంకో అనుమానం వచ్చింది. గడువు మందులకీ ఉంటుంది, వాటిని చల్లటి చోట పెడితేనే కదా నిలుస్తాయి అన్నాడు. ఇంకేముంది, లాడ్జి కింద జ్యూసు కొట్టువాణ్ణి బతిమాలి సిమ్ముని ఐసుపెట్టెలో పెట్టించారు. జలుబు చేస్తుందేమోనని పైడితల్లి తన మఫ్లరు చుట్టింది.

ఈలోగా యాత్ర బస్సువాళ్ళు ఫోన్ చేసి చేసి, అందక, వీళ్ళని వదిలేసి పోఖరా వెళ్ళిపోయారు. పోతే పోయింది, మన వారం మాత్రం చెక్కుచెదరలేదని నూకరాజు చంకలు గుద్దుకున్నాడు.

బారసాల రోజు పొద్దున్నే సిమ్ము తుడిచి ఫోన్లో వేశారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. లాడ్జి యజమానురాలు దిల్‌మాయ ఫోన్ చూసి, సూరప్పడికి వచ్చిన కాస్త హిందీలోనే విడమర్చి చెప్పింది. సిమ్ మొదలైన రోజు నుంచి గడువు నడుస్తుంది, వాడినా నడుస్తుంది, దాచినా నడుస్తుంది. రీచార్జి చేయిస్తే మళ్ళీ పలుకుతుంది. సూరప్పడు జేబులో చెయ్యి పెట్టాడు. నూకరాజు ఆ చెయ్యి పట్టుకున్నాడు.

“బావా, మనం ముట్టుకోని వారాన్ని మళ్ళీ మనమే కొనుక్కోవడమా? ఇది దోపిడీ.”

“అక్కడ పిల్ల ఉయ్యాల్లో ఎదురుచూస్తోందిరా,” అంది పైడితల్లి.

“చరిత్ర కూడా ఎదురుచూస్తోందక్కా.”

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా నూకరాజుకి సిద్ధాంతం సిద్ధాంతమే. దిల్‌మాయ జాలిపడి, ఇంటికి మాట్లాడుకోండని తన ఫోన్ ఇచ్చింది. నూకరాజు అందుకున్నాడు. ముందు కారణం తెలియాలి, పేరు తర్వాత అనుకుని తమ సిమ్ము నెంబరే కొట్టాడు. ఎందుకు పలకడం లేదో దాన్నే అడుగుదామని. కొట్టాడు, మళ్ళీ కొట్టాడు, ఆ ఫోన్లో ఛార్జింగు అయిపోయేదాకా కొట్టాడు.

“ఎత్తిందా?” అని అడిగింది పైడితల్లి.

“లేదక్కా. తప్పు చేసింది కదా, మనతో మాట్లాడ్డానికి మొహం చెల్లడం లేదు.”

జవాబు తేలేదాకా ఉయ్యాల ఊపొద్దని ఇంటికి ఫోన్ చేసి చెబుదామన్నాడు సూరప్పడు. బాగా చెప్పావన్నారు మిగతా ఇద్దరూ. ఏ ఫోన్‌తో అన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు.

నూకరాజు అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి సిమ్ కొట్టు తలుపుకి అంటించాడు:

“కంపెనీవారికి హెచ్చరిక. మా వారం మాకు తిరిగివ్వండి. మీ వల్ల ఒక ఆడపిల్ల పేరు లేకుండా పడుకుని ఉంది. మీ జవాబు, చచ్చిపోయిన మా సిమ్ము నెంబరుకే ఫోన్ చేసి చెప్పాలి. వేరే నెంబరుకి చేస్తే ఎత్తం. ఆఖరి గడువు నవంబరు ముప్పై, సాయంత్రం అయిదు గంటలు.”